గ్లాస్గోలో అడిగిన న్యాయం జ్ఞానాపురానికి ఎప్పుడు?

పోయిన మాఘంలో మా అమ్మ వడియాలు పెట్టడం మానేసింది. డెబ్బై రెండేళ్ల మనిషి. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర నుంచి ఏటా సంక్రాంతి వెళ్లగానే బూడిద గుమ్మడికాయ తరిగి, మినప్పిండి రుబ్బి, డాబా మీద నాన్న పాత పంచె పరిచి వడియాలు పెట్టేది. ఈసారీ పెట్టింది. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. సాయంత్రం వెళ్లి చూస్తే వడియాల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. పచ్చి మీద పడ్డాయి కాబట్టి అతుక్కుపోయాయి, దులిపితే రావు. అమ్మ ఏమీ అనలేదు. పంచె నాలుగు మూలలూ దగ్గరకి తీసి మూటకట్టి, కిందకి తెచ్చి చెత్తబుట్ట పక్కన పెట్టింది. "వచ్చే ఏడు నుంచి కొనుక్కుందాం లేవే" అంది.

మాది జ్ఞానాపురం. విశాఖపట్నం అంటే బీచ్ రోడ్డు, కైలాసగిరి, రుషికొండ అనుకునేవాళ్లకి ఈ పేరు తెలియకపోవచ్చు. రైల్వే స్టేషనుకీ రేవుకీ మధ్య ఇరుక్కున్న పాత పేట ఇది. మాకు, కాన్వెంట్ జంక్షన్‌కి, టౌన్ కొత్త రోడ్డుకి, వన్ టౌన్‌కి సముద్రం గాలి ఒక్కటే రాదు. ఓడల్లోంచి దిగి, కుప్పలుగా పడి, వ్యాగన్లు ఎక్కి వెళ్లే బొగ్గు కూడా దాంతో కలిసి వస్తుంది. ఇంట్లో ఎవరైనా చెప్పులు లేకుండా డాబా ఎక్కి దిగితే మెట్ల మీద పాదాల గుర్తులు నల్లగా కనిపిస్తాయి. చిన్నప్పుడు ఆ గుర్తులు చూసి ఎవరు పైకి వెళ్లారో చెప్పే ఆట ఆడేవాళ్లం.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కోపం వస్తే కొలిచి చూడడం నాకు అలవాటు. ఆ వారమే రెండు తెల్ల పింగాణీ పళ్లేలు తీసుకుని, పల్చగా కొబ్బరినూనె రాసి, ఒకటి మా డాబా పిట్టగోడ మీద, ఇంకోటి మధురవాడలో మా చిన్నక్క వాళ్ల అపార్ట్‌మెంటు పైన పెట్టించాను. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఆరు వరకు. అక్క పళ్లెంలో కాస్త మట్టి, ఒక పురుగు రెక్క ఉన్నాయి. మా పళ్లెం నిండా నల్ల చుక్కలే. భూతద్దం పెట్టి చూశాను. పొయ్యి మసి మెత్తగా ఉంటుంది, వేలితో రాస్తే సాగుతుంది. ఇవి అలా లేవు. గింజలు. అంచులు విరిగిన గాజుపెంకుల్లా ఉన్నాయి, పళ్లెం కిటికీ వైపు తిప్పితే మెరిశాయి. బొగ్గు పగిలినచోట అలాగే మెరుస్తుంది. రెండు పళ్లేలు పెట్టినంత మాత్రాన శాస్త్రం రుజువు కాదని నాకు తెలుసు, పిల్లలకీ అదే చెబుతాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వడియాల మీద పడింది వడియాలతో పోయింది, పళ్లెంలో పడింది పళ్లెంలో ఉంది. మరి మేం పీల్చింది?

బొగ్గు గురించి ఇప్పుడు నడుస్తున్న గొడవంతా కరెంటు చుట్టూ తిరుగుతోంది. బొగ్గు ఆపితే దీపాలు ఆరిపోతాయని ఒకరు, ఆపకపోతే భూమి ఉడికిపోతుందని ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. ఇద్దరి మాటల్లోనూ మా డాబా లేదు. నేను ఏ పక్షమో ముందే చెబుతాను: బొగ్గు పోవాలి. మన పిల్లల కాలంలో కాదు, మన కాలంలోనే పోవడం మొదలవ్వాలి. అయితే ఏ వరసలో పోవాలి, ఆ బరువు ముందు ఎవరి మీద నుంచి దిగాలి అన్న దాని గురించే ఈ వ్యాసం.

ఇలా అనడం నాకు తేలిక కాదు. మా ఇంట్లో అన్నం ఉడికింది బొగ్గు డబ్బుతోనే. నాన్న ఒక కాంట్రాక్టరు దగ్గర బొగ్గు దింపే కలాసీగా చేశారు. షిఫ్టు దిగి వచ్చేసరికి కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు ఉండేది. నూతి దగ్గర రెండుసార్లు సబ్బు రుద్దుకున్నా చెవుల వెనక నలుపు పోయేది కాదు. ముగ్గురు ఆడపిల్లల చదువులు, రెండు పెళ్లిళ్లు ఆ జీతంతోనే గడిచాయి. చివరి నాలుగేళ్లు దగ్గుతోనే తెల్లారేది. ఆయన బీడీలు కూడా కాల్చేవారు, కాబట్టి ఆ దగ్గుకి బొగ్గే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. చెప్పలేకపోవడమే నా బాధ. ఆయన ఊపిరితిత్తుల్లో ఏముందో ఆ ముప్పై ఏళ్లలో ఎవరూ ఒక్కసారి కూడా పరీక్ష చేయించలేదు.

మా పెద్దక్క వాళ్లాయన గాజువాకలో ఉంటారు. ఒక థర్మల్ కేంద్రంలో కన్వేయర్ బెల్టు దగ్గర కాంట్రాక్టు పని. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు నేను బొగ్గు గురించి రాస్తున్నానని తెలిసి, చెయ్యి కడుక్కుంటూ అడిగారు.

"ఏటమ్మా, బొగ్గు మానెయ్యాలని రాస్తన్నావంట. మరి రేపు ప్లాంటు మూసేస్తే మమ్మల్ని ఎవలు అడుగుతారు?"

"అందరికీ వేరే పని చూపించాలనే రాస్తున్నాను బావా" అన్నాను.

"అందరంటే? పర్మినెంటోళ్లని ఇంకో ఊరు బదిలీ చేస్తారు. ఆళ్లకి ఫండు ఉంది, పెన్షనుంది. నా పేరు ఏ రిజిస్టర్లో ఉందని చూపిస్తారు? గేటు పాసు లాగేసుకుంటే అయిపోయింది."

నాకు జవాబు దొరకలేదు. ఆయన పంతొమ్మిదేళ్లుగా అదే బెల్టు దగ్గర ఉన్నారు. ఈలోగా కాంట్రాక్టర్లు నలుగురు మారారు. మారిన ప్రతిసారీ బావ కొత్తగా చేరినట్టే లెక్క, సర్వీసు మళ్లీ ఒకటి నుంచి మొదలు. బొగ్గు నుంచి మళ్లేటప్పుడు కార్మికులకి అన్యాయం జరగకూడదని పెద్ద పెద్ద సభల్లో తీర్మానాలు చేస్తున్నారు, మంచిదే. కానీ ఆ లెక్క జీతాల పట్టీలో పేరున్నవాళ్లతో మొదలై వాళ్లతోనే ముగిసిపోతుందేమోనని నా భయం. కాంట్రాక్టు కూలీ, లారీ క్లీనరు, గేటు ముందు టిఫిన్ బండి పెట్టుకున్న ఆవిడ ఆ పట్టీలో ఎక్కడా ఉండరు. ప్లాంటు మూసే తేదీ రాసే కాగితం మీదే వీళ్ల పేర్లు కూడా రాయాలి. పేర్లు ముందు, తేదీ తర్వాత.

ఇక కరెంటు సంగతి. బొగ్గంటే మండిపడేవాళ్లు కొందరు కరెంటుని చిన్నచూపు చూస్తారు, అది నాకు నచ్చదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడిన తర్వాత కరెంటు లేకుండా గడిపినవాళ్లెవరూ అలా మాట్లాడరు. స్తంభాలు పడిపోయాయి, మోటార్లు తిరగలేదు, కుళాయిల్లో నీళ్లు లేవు. సెల్‌ఫోన్లు చచ్చిపోయాయి. పాల ప్యాకెట్ కోసం, కొవ్వొత్తి కోసం క్యూ కట్టాం. మా పక్కింటి ముసలాయనకి ఆవిరి పట్టే మెషిన్ ఉండేది. దాన్ని నడపడానికి జనరేటర్ ఉన్న ఇల్లు వెతుక్కుంటూ ఆయన కొడుకు వీధులన్నీ తిరిగాడు. కరెంటు విలాసం కాదు. వేడెక్కిన సముద్రం తుపానులకి మరింత బలం ఇస్తుందనీ, ఆ వేడిలో మనం కాల్చే బొగ్గుకీ వాటా ఉందనీ ఫిజిక్స్ టీచరుగా నాకు తెలుసు. అయినా కరెంటు లేకుండా బతకండని నేను ఎవరికీ చెప్పను.

క్లాసులో పిల్లల చేత ఒక లెక్క చేయిస్తాను. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే దాదాపు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలాలి. నెలకి 200 యూనిట్లు వాడే ఇల్లనుకోండి. ఆ కరెంటంతా బొగ్గుదే అయితే 130 కిలోలు, అంటే రెండు బస్తాల పైమాటే. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, బూడిదే. కాబట్టి ఆ ఇంటి పేరన నెలకి నలభై కిలోలకి పైగా బూడిద ఎక్కడో ఒక బూడిద చెరువులోకి చేరుతుంది. యూనిట్‌కి కిలో దగ్గర దగ్గరగా కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. "మీ ఇంటి బూడిద మీ గుమ్మం ముందే పోస్తే ఏం చేస్తారు?" అని అడిగితే క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "మా ఇంటి ముందు ఇప్పటికే పోస్తున్నారు మేడమ్" అంది. బూడిద చెరువు పక్క ఊరు ఆ పిల్లది. వేసవిలో గాలి లేస్తే తలుపులు వేసుకుని అన్నాలు తింటారట.

పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రం గురించి విశాఖలో తెలియనివాళ్లు ఉండరు. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2,000 మెగావాట్లు. మొదటి యూనిట్ 2002లో మొదలైంది. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి వస్తుంది, చల్లబరచడానికి సముద్రపు నీళ్లు వాడతారు. ఆ పెద్ద డమరుకాల్లాంటి టవర్ల మీద కనిపించే తెల్లటిది పొగ అనుకుంటారు చాలామంది. అది నీటి ఆవిరి. అసలు పొగ పక్కనున్న సన్నటి, ఎత్తైన చిమ్నీల్లోంచి పోతుంది, అది చాలాసార్లు కంటికి ఆనదు. ఆ కేంద్రం రిజర్వాయరు మీదే 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు మొదలుపెట్టారు. 75 ఎకరాల నీటి మీద లక్షకి పైగా పలకలు. ఆ వార్త చదివిన రోజు నిజంగా సంతోషించాను, క్లాసులో ఫొటో చూపించాను కూడా. ఆ తర్వాత లెక్క వేశాం. 2,000లో 25 అంటే ఎనభయ్యో వంతు. పైగా సూర్యుడు రాత్రి ఉండడు, మబ్బు పడితే ఉండడు. ఏడాది మొత్తం సగటు తీస్తే సోలార్ తన పూర్తి సామర్థ్యంలో అయిదో వంతు ఇస్తే గొప్ప.

2025 మధ్యకల్లా దేశంలో కరెంటు తయారుచేసే సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కానివాటిదే అయింది. నిజమే, చిన్న విజయం కాదది. కానీ నిజంగా తయారైన యూనిట్లు లెక్కపెడితే ఇప్పటికీ 70 శాతానికి అటూఇటూ బొగ్గు నుంచే వస్తున్నాయి. 2024-25లో దేశం తవ్విన బొగ్గు వంద కోట్ల టన్నులు దాటింది. సామర్థ్యం వేరు, రాబడి వేరు. డబ్బాలో బియ్యం పట్టే చోటు పెరిగినంత మాత్రాన కడుపు నిండదు. సోలార్ వాళ్లు ఈ తేడా దాచిపెట్టి మాట్లాడితే రేపు సాయంత్రం ఏడింటికి కరెంటు పోయినప్పుడు జనం వాళ్లనే తిడతారు. మధ్యాహ్నపు ఎండని సాయంత్రానికి దాచే ఏర్పాటు ముందు కావాలి. బ్యాటరీల ధర ఏటేటా దిగుతోంది, అక్కడే నాకు ఆశ కనిపిస్తోంది.

2021 నవంబరులో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సు చివరి రోజున మన దేశం పట్టుబట్టి ఒప్పందంలో ఒక్క మాట మార్పించింది. బొగ్గుని దశలవారీగా "ఎత్తేయడం" అన్నచోట "తగ్గించడం" అని వచ్చింది. ఆ రోజు ప్రపంచమంతా మనల్ని తిట్టింది. నేను మాత్రం మన వాళ్ల వైపే నిలబడ్డాను. బ్రిటన్‌నే చూడండి. 1882లో లండన్‌లో బొగ్గు కరెంటు మొదలుపెట్టి, 142 ఏళ్లు కాల్చుకుని, 2024 సెప్టెంబరు 30న చివరి కేంద్రం మూసింది. ఆ బొగ్గుతోనే ఓడలు నడిపారు, ఆ ఓడల్లోనే మన పత్తి పట్టుకుపోయారు. తలసరి లెక్కన ఒక భారతీయుడు ఏడాదికి గాల్లోకి వదిలేది సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్. అమెరికావాడు దానికి దాదాపు ఏడు రెట్లు వదులుతాడు. ఎక్కువ కాల్చినవాడు ముందు మానాలి, తక్కువ కాల్చి ఎక్కువ నష్టపోయినవాడికి సాయం చేయాలి అన్నదే మన వాదన. అందులో తప్పేముంది? ఇప్పటికీ ఆ మాటకి కట్టుబడే ఉన్నాను.

అదే మాట మా ఊరికి వర్తింపజేయండి.

మా వీధిలో చాలా ఇళ్లకి నెలకి వంద యూనిట్లు కాలవు. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్. ఊరికి అవతలి చివర కొండ మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లలో గదికో ఏసీ. వాళ్లు తప్పు చేస్తున్నారని అనడం లేదు, మా చిన్నక్క ఇంట్లోనూ రెండు ఏసీలున్నాయి. కానీ ఆ ఏసీల కోసం కాలే బొగ్గు దుమ్ము ఎవరి డాబా మీద పడుతోంది? బూడిద ఎవరి చేను పక్కన చేరుతోంది? తక్కువ వాడినవాళ్లకే ఎక్కువ దుమ్ము. గ్లాస్గోలో మనం ప్రపంచాన్ని నిలదీసిన న్యాయం ఇదే కదా! దేశానికి దేశానికి మధ్య తలసరి లెక్క తీసినవాళ్లం, పేటకి పేటకి మధ్య ఎందుకు తీయం? గాల్లోకి వదిలినంత కార్బన్‌ని వెనక్కి తీసుకునే స్థాయికి, అంటే నికర సున్నా ఉద్గారాలకి, మన దేశం 2070 గడువు పెట్టుకుంది. అప్పటికి నా దగ్గర చదువుతున్న పిల్లలకి అరవై ఏళ్లు దాటతాయి. దేశానికి ఆ గడువు అవసరం కావచ్చు. వ్యాగన్ మీద టార్పాలిన్ కప్పడానికి 2070 వరకు ఆగాలా?

నా వాదన మొత్తానికి గట్టి ముడి ఇక్కడే ఉంది. బొగ్గు కాల్చడం మానాలంటే దాచుకునే బ్యాటరీలు కావాలి, లైన్లు కావాలి, లక్షల కోట్లు కావాలి, ఏళ్లు పడతాయి. ఒప్పుకుంటాను. దుమ్ము ఆపడానికి అవేవీ అక్కర్లేదు. గోడలూ కప్పూ ఉన్న గోడౌన్లు, మూసిన కన్వేయర్లు, కుప్పల మీద ఆగకుండా నీళ్లు చల్లడం, లారీ చక్రాలు కడిగి బయటికి పంపడం, గాలి ఉధృతంగా ఉన్న గంటల్లో పని ఆపడం. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. కొన్ని కొంతమేరకు జరుగుతున్నాయి కూడా, పదేళ్ల కిందటితో పోలిస్తే కొన్ని నెలలు తేడా కనిపిస్తుంది. అయితే వడియాలు ఆరేంత తేడా ఇంకా రాలేదు. 2010లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో విశాఖ పేరు ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలోనూ ఉంది. జాబితాలో పేరెక్కడం ఒక్కటే మాకు సులువుగా జరిగిన పని.

చిమ్నీల సంగతీ అంతే. థర్మల్ కేంద్రాల్లోంచి వచ్చే గంధకపు వాయువుకి 2015 డిసెంబరులో కేంద్రం హద్దులు పెట్టింది. రెండేళ్లలో అమలు చేస్తామన్నారు. గడువు మీద గడువు జరిగింది. చివరికి 2025 జూలైలో దేశంలో అత్యధిక యూనిట్లకి ఆ వాయువుని కడిగే పరికరమే అక్కర్లేదని తేల్చారు. మన బొగ్గులో గంధకం తక్కువ, పరికరం ఖర్చు చివరికి కరెంటు బిల్లు మీదే పడుతుంది అని కారణం చెప్పారు. ఆ వాదనలో కొంత పస లేకపోలేదు. కానీ పదేళ్లు "ఇదిగో పెడుతున్నాం" అని చెప్పి, పదో ఏట "అసలు అవసరమే లేదు" అంటే, 2070 అన్న మాటని నేను ఏ ధైర్యంతో నమ్మాలి?

ఇంకోపక్క కరెంటు వాడకం కొత్త రూపంలో మా ఊరికి వస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి. మా కాలేజీ పిల్లలు ఎగిరి గంతేశారు, నాకూ సంతోషమే. కానీ గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు, సింహాద్రిలో సగం. అది పగలూ రాత్రీ ఆగకుండా కావాలి. ఇంత పెద్ద వాడకందారు వచ్చినప్పుడు గట్టిగా అడగడానికి అంతకంటే మంచి సమయం ఉండదు: మీకు కావలసిన కరెంటు, దాన్ని రాత్రికి దాచే ఏర్పాటుతో సహా, మీతోపాటే తెచ్చుకోండి. ఏడాది సగటు లెక్కలో పచ్చగా ఉందని కాగితం చూపించి, రాత్రిపూట బొగ్గు యూనిట్లు తోడుకుంటే కుదరదు. పాత యూనిట్ ఒకటి ముసలిదై మూసేయాల్సిన రోజు వచ్చినప్పుడు, ఈ కొత్త వాడకం చూపించి దాని ఆయుష్షు పొడిగిస్తారేమోనన్న అనుమానం నన్ను వదలడం లేదు.

మరి ఎండని సాయంత్రానికి దాచడం ఎలా? బ్యాటరీలు ఒక దారి. రెండోది పంప్డ్ స్టోరేజ్. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందకి వదిలి టర్బైన్ తిప్పుతారు. అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కరెంటు ఆ దారిలో పోతుంది, అయినా సాయంత్రపు యూనిట్‌కి విలువెక్కువ కాబట్టి గిట్టుబాటు అవుతుంది. ఫిజిక్స్ టీచరుగా నాకు చాలా ఇష్టమైన పద్ధతి. దానికి తగిన కొండలు మన ఏజెన్సీలో ఉన్నాయి. అక్కడే అసలు చిక్కు. ఎర్రవరం, పెదకోట లాంటి చోట్ల ఈ ప్రాజెక్టులు వద్దని గిరిజనులు ఊరేగింపులు తీశారు. వాళ్లని అభివృద్ధికి అడ్డమని తిట్టేముందు మనం ఒకటి గుర్తు చేసుకోవాలి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు 1955 నుంచి కిందకి దిగి వస్తోంది. సీలేరు నుంచీ వస్తోంది. కొండ మీద నీళ్లు, కొండ కింద వెలుగు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా ఈ బొర్రా, అనంతగిరి ప్రాంతం నుంచి వెళ్లిన కేసు మీదే. గిరిజన ప్రాంతాల్లో భూముల్ని ప్రైవేటు గనులకి లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. గ్రామసభ వద్దంటే వద్దనే. వాళ్ల ఊరు ముంచి తెచ్చిన కరెంటుతో నా డాబా శుభ్రపడితే నాకు అది శుభ్రంగా అనిపించదు. కొండవాళ్ల ఒప్పుదల దొరకనిచోట ఖర్చెక్కువైనా బ్యాటరీలే పెట్టాలి.

ఉక్కు సంగతి వేరే. స్టీల్‌ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. వాటిలో బొగ్గు వేడి కోసం మాత్రమే కాదు, ఖనిజంలోంచి ఆక్సిజన్‌ని లాగేయడానికీ కావాలి. సోలార్ పలకలు పెట్టి ఆ పని చేయలేం. హైడ్రోజన్‌తో చేయవచ్చు. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అది తయారై, చవకై, ఫర్నేసు దాకా వచ్చేసరికి చాలా కాలం పడుతుంది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటుని పర్యావరణం పేరు చెప్పి మూయమనే మాట నేను ఎప్పటికీ అనను. కరెంటు కోసం కాల్చే బొగ్గు ముందు పోవాలి, ఉక్కు కోసం వాడేది చివర పోవాలి. వరస అని నేను అంటున్నది ఇదే.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010 జూలైలో, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో థర్మల్ కేంద్రాలు వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి. మనుషులు చచ్చిపోయారు. వాళ్లు అడిగింది వాతావరణ మార్పు గురించి కాదు. తమ బీల నేల, అంటే చిత్తడి నేల, తమ చేపలు, తమ గాలి. బొగ్గు మీద ఉత్తరాంధ్రలో మొదటి తీర్పు చెప్పింది వాళ్లే. ఇప్పుడు బొగ్గు మానడం గురించి ఢిల్లీలో కమిటీలు కూర్చుంటున్నప్పుడు, ఆ బల్ల దగ్గర బీల రైతుకీ, జ్ఞానాపురం ఇల్లాలికీ, మా బావ లాంటి గేటు పాసు మనిషికీ కుర్చీ ఉండాలి. పాత పట్నంలో మేం పీల్చే గాలి కొలత రోజూ మా వీధి చివర బోర్డు మీద కనిపించాలి. ఎక్కడో కొలిచి ఊరంతటి సగటు చెబితే, సముద్రం పక్కన కొలిచింది మాది అయిపోతుంది.

మేం మా వంతుగా ఒక పని చేశాం. పోయిన వేసవిలో డాబా మీద రెండు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. సూర్యఘర్ పథకంలో అరవై వేలు సబ్సిడీ వచ్చింది. మా ఇల్లు సొంతం, డాబా మాదే, కాగితాలు నా పేర ఉన్నాయి కాబట్టి కుదిరింది. మా వీధిలో సగానికి పైగా అద్దె ఇళ్లు. ఒకే డాబా కింద మూడేసి కుటుంబాలు. వాళ్లెవరికీ ఈ పథకం అందదు, అది వేరే రోజు రాస్తాను. మొదటి వారం ఫోన్లో చూస్తే రోజుకి ఎనిమిది యూనిట్లు. అమ్మకి చూపించాను, "మన ఎండే?" అని మురిసిపోయింది. పది రోజులకి ఏడున్నర అయింది, తర్వాత ఏడు, ఆ తర్వాత ఆరున్నర. ఎండ తగ్గలేదు. పెట్టినవాళ్లకి ఫోన్ చేస్తే, "మీ ఏరియా కదండీ, రోజు విడిచి రోజు తుడవాలి" అన్నారు.

అప్పటి నుంచి ఎండ ఎక్కకముందే అమ్మ, నేను పైకి వెళ్తున్నాం. నేను మెత్తటి గుడ్డ కర్రకి చుట్టి పలకల మీద తోస్తాను, అమ్మ ఆ గుడ్డని బకెట్లో ముంచి, పిండి మళ్లీ అందిస్తుంది. మూడోసారి ముంచేసరికి నీళ్లు కాటుక కలిపినట్టు అవుతాయి. తుడిచిన రోజు మళ్లీ ఎనిమిది వస్తాయి. నిన్న పని అయ్యాక నీళ్లు వృథా ఎందుకని బకెట్ ఎత్తి తులసి కుండీలో పోయబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అందులో వద్దే, తూములో పొయ్యి" అంది.